మరక వాళ్ళ ఇంటిపేరు

గంజి గది పక్క బల్ల మీద నుంచి
సోమవారం

కందిరీగకి,

డప్పు కొట్టించి మరీ చెప్పాల్సిన వార్త. డప్పు దొరక్క కలంతో కొడుతున్నాను, లేచి నిలబడి చదువు. మొన్న శనివారం పొద్దున పది గంటలకి, చుట్టూ నలుగురు చూస్తుండగా, నా చొక్కా మూడో బొత్తాం గంజి తొట్టిలో పడి కన్నుమూసింది. కర్రతో దేవాం, జల్లెడతో గాలించాం. దొరకలేదు. ఏ గుడ్డ తానులో చుట్టుకుని ఏ ఊరు వెళ్ళిందో, ఏ మహాతల్లి దుప్పటి విప్పితే టప్పున కాళ్ళ మీద పడుతుందో. మా మేస్త్రి అయితే ఒక నిమిషం మాట్లాడలేదు. సంతాపం అనుకునేవు, నోటి నిండా టీ ఉంది.

ఇక నీ ఉత్తరం. హెడ్ నర్సు అయ్యావని చదివి షెడ్డంతా వినిపించేలా ఈల వేశాను. తెల్ల యూనిఫాం మీద పేరు బిళ్ళ పెట్టుకోమన్నారనీ, ఆ బిళ్ళ మీద "మరక" అని ఉందనీ, "మరక సిస్టర్ వస్తోంది, దుప్పట్లు దాచండి" అని వార్డుబాయిలు నవ్వుతున్నారనీ రాశావు. నేను కూడా నవ్వాను, కొట్టకు. ఇంటిపేరు మార్చుకోవాలంటే, పాత పేరు ఎలా వచ్చిందో నాలుగు ముక్కలు రాసి ఇంటి పెద్ద సంతకం పెట్టించమన్నారు, మీ నాన్నేమో పెట్టనంటున్నాడు. అందుకని నన్ను అడిగావు. "బాబాయ్, నువ్వూ నాన్నా ఒక్క తల్లి బిడ్డలే కదా, నీది గూటం వాళ్ళ ఇల్లు, మాది మరక వాళ్ళ ఇల్లు ఎలా అయింది?" అని.

నాలుగో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి నేను. నన్ను పట్టుకుని ఇంత పెద్ద ప్రశ్నా! అయినా చెప్తాను, విను.

మన వీధిలో ఇంటిపేరు తాతలు పెట్టింది కాదు, చేతులు పెట్టింది. మగ్గం దిగిన గుడ్డ ముతకగా, ముడతలతో, ఎవరికీ కాకుండా వస్తుంది. దానికి గంజి పట్టించేవాళ్ళు గంజి వాళ్ళు. తడిగుడ్డని పొడుగాటి చట్రానికి రెండు వైపులా ఇనుప కొక్కేలకి తగిలించి సాగదీసి ఆరబెట్టేవాళ్ళు కొక్కేల వాళ్ళు. వేలాడే పోగులు కత్తిరించేవాళ్ళు కత్తెర వాళ్ళు. ఆ కత్తెర వాళ్ళ పెద్దాయన ఉన్నాడే, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో కత్తిరిస్తాడు, అది వాళ్ళ రక్తంలో ఉంది. చివర్లో మడతల వాళ్ళు. ఈ మధ్యలో మనం. ఆరిన గుడ్డని దిమ్మ మీద వేసి, ఎదురెదురుగా ఇద్దరం నిలబడి, కొయ్య గూటాలతో ఒకడి తర్వాత ఒకడు కొడుతూ, దానికి మెరుపు తెప్పించేవాళ్ళం. గూటం వాళ్ళం. జనం మాట సాగదీస్తారు, గంజి పెట్టినట్టు బిగుసుకుపోతారు, జబ్బు నుంచి మెరుగుపడతారు. ఈ మాటలన్నీ మన షెడ్డు గుమ్మం దాటి లోకం మీద పడ్డవే. లోకం మనకి ఒక్క థ్యాంక్సు కూడా చెప్పలేదు.

మరి మరక? పూర్వం ఒక రాజుగారు యుద్ధానికి బయల్దేరుతుంటే అంగీ మీద ఇంత మరక. సేనాపతి ఏడుస్తున్నాడు, గుర్రం నవ్వుతోంది. అప్పుడు మన ముత్తాతకి ముత్తాత వచ్చి, ఒక చెంబు నీళ్ళు, ఒక గుప్పెడు బూడిద, మూడు గూటం దెబ్బలతో దాన్ని మాయం చేశాడు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు. "ఏమీ వద్దు మహారాజా, తీసిన ఆ మరక నాకు ఇప్పించండి చాలు" అన్నాడట ఆయన. రాజు దాన్ని వంశపారంపర్యంగా రాసిచ్చేశాడు. పెద్ద కొడుకుకే చెందుతుంది. మీ నాన్న పెద్దవాడు, ఆయనకి పోయింది. నేను చిన్నవాణ్ణి, నాకు గూటమే మిగిలింది.

అదీ కథ. బిళ్ళ పెట్టుకుని తల ఎత్తుకుని తిరుగు.

బొత్తాం లేని
బాబాయి


నర్సుల గది, రెండో అంతస్తు
గురువారం

బాబాయ్,

నీ బొత్తాం ఆత్మకి శాంతి కలగాలి. నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. గుర్రం నవ్వుతోంది అన్నచోట ఫార్మసీ అమ్మాయికి టీ పొలమారింది.

నువ్వు నా చెవిలో పువ్వు పెడుతున్నావని నాకు తెలుసు. రాజులూ గుర్రాలూ నీ గంజి తొట్టిలోనే పుట్టి ఉంటారు. కానీ లోపల ఎక్కడో కాస్త నిజం ఉందనిపిస్తోంది. మన వాళ్ళలో మరకలు తీయడంలో పేరుపడ్డవాళ్ళు ఎవరో ఉండి ఉంటారు, దాంతో ఆ పేరు వచ్చి ఉంటుంది, అవునా? అలా అయితే నాకు పేరు మార్చుకోవాలనే లేదు. ఇదే ఫారం మీద "పేరు అలాగే ఉంచమని కోరుతున్నాను, ఇది పనితనం వల్ల వచ్చిన పేరు" అని రాసి, బిళ్ళ పక్కన ఆ కాగితం కూడా అంటించుకుని తిరుగుతాను.

నాన్నకి కూడా చదివాను. రాజు దగ్గర నవ్వాడు బాబాయ్. నాన్న పళ్ళు కనిపించేలా నవ్వడం నేను ఎప్పుడు చూశానో గుర్తులేదు. కానీ "తీసిన మరక నాకు ఇప్పించండి" అన్న మాట వినగానే లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "మీ బాబాయి బాగా రాస్తాడు" అన్నాడు. అంతే. "అయితే సంతకం పెడతావా?" అన్నాను. "ఆ పేరు నేను తెచ్చుకున్నది. నేనే మోస్తాను. నువ్వు వదిలేస్తానంటే వదిలేసుకో, నా చేత మాత్రం చెరిపించకు" అన్నాడు.

నీకు తెలుసు కదా, నాన్న ఈ ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని ఇరవై ఆరేళ్ళు. మందుల స్టోర్‌లో చెయ్యమన్నారు, చేశాడు. తోటపని చెయ్యమన్నారు, చేశాడు. దుప్పట్ల గదిలో మాత్రం అడుగు పెట్టలేదు. ఇంట్లో తన తువ్వాలు కూడా తను మడత పెట్టుకోడు. గుడ్డల షెడ్డులో పుట్టి పెరిగిన మనిషి! చిన్నప్పుడు బద్ధకం అనుకునేదాన్ని.

నాకు ఒక్క సాయం చెయ్యి. ఆ పనితనం కథలో నిజం ఎంతో అంత, నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపు. బాబాయి కూడా ఇంటి పెద్దే, చెల్లుతుందన్నాడు గుమాస్తా. కాకపోతే అది ప్రమాణం చేసి రాసినట్టు లెక్క. తప్పుడు మాట రాస్తే మా ఉద్యోగం మీదకి వస్తుందట. కాబట్టి గుర్రాన్ని తీసెయ్.

నీ
కందిరీగ


కొక్కేల చావడి
బుధవారం

కందిరీగకి,

నీ ఉత్తరం చేరి పదమూడు రోజులైంది. ఇంట్లో ఎలుక ఎత్తుకుపోయింది, నిన్ననే దానితో బేరం కుదిరి వెనక్కి ఇచ్చింది.

ఆ కాగితం నేను రాయలేను. నా చేతిరాత చూస్తే గుమాస్తా నిన్ను ఆసుపత్రిలోనే చేర్పించేస్తాడు. పైగా ఆలోచిస్తే రాజు కథ కూడా సరిగ్గా అలా జరగలేదేమో అనిపిస్తోంది. ఇంకో కథ ఉంది. మన ముత్తాతమ్మకి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేదట, దాన్ని చూసి మరకమ్మ అనేవాళ్ళట. ఇదైతే చిన్నది, ఫారంలో సరిపోతుంది. అయినా ఎందుకొచ్చిన గొడవ? పేరు మార్చేసుకో. గూటం అని పెట్టుకో. మీ నాన్న సంతకం పెట్టకపోతే కొన్నాళ్ళు ఆగు, ఆయనే మెత్తబడతాడు.

నువ్వు మన పని గురించి అడుగుతుంటావు కదా, ఇంకో సంగతి చెప్తాను. తాను పూర్తయ్యాక గూటం పనివాడు దాని మూలకి రంగుదారంతో చిన్న ముడి కుడతాడు. ఎవరి రంగు వాళ్ళది. వెయ్యి తానులు కలిసిపోయినా, ఏదైనా వెనక్కి వస్తే, మూల చూసి ఎవరి చేతిదో చెప్పేస్తారు. నాది నీలం. మీ నాన్నది ఎర్ర దారం. మీ నాన్న ముడి ఎంత చిన్నగా ఉండేదంటే చీమ కుట్టినట్టుండేది. ఆ ముడి చూస్తే వ్యాపారులు తాను విప్పి చూసేవాళ్ళు కూడా కాదు. మీ నాన్న అంత పనివాడు మన వీధిలో మళ్ళీ రాలేదు. ఇది మాత్రం రాసుకో, ప్రమాణం చేసి చెప్తాను.

మేస్త్రి పిలుస్తున్నాడు. ఉంటాను.

బాబాయి


ఆడవాళ్ళ వార్డు, డ్యూటీ బల్ల దగ్గర
ఆదివారం

బాబాయ్,

మేస్త్రి పిలవలేదని నాకు తెలుసు. నువ్వు నీళ్ళు నములుతున్నావు.

మొన్న మంగళవారం మా వార్డులో ఒక ముసలమ్మ చేరింది, కంటికి ఆపరేషన్. కంటికి కట్టుతో పడుకునే ఉండి, పక్క దుప్పటి అంచు వేళ్ళతో తడిమి, "ఎవరే ఇది మడత పెట్టింది, చేతులు విరిగాయా?" అని తిట్టింది. అప్పుడే అనుకున్నాను, ఈవిడ మన వీధి మనిషని. మడతల అవ్వ. నీకు గుర్తుండే ఉంటుంది, నీ గురించి "ఆ వెధవ కోతి ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

నా పేరు చెప్పగానే తిట్టడం ఆపేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది. పెద్ద వ్యాపారికి వెళ్ళిన తాను ఒకటి తుప్పు మరకలతో వెనక్కి వచ్చిందట. మూల ఎర్ర దారం ఉందట. యజమాని షెడ్డు మొత్తాన్ని నిలబెట్టి అందరి ముందూ ఆ తాను విప్పించాడట. నాన్న మూల చూసి, "నా దారమే" అన్నాడట. ఆ వ్యాపారి పని ఇవ్వడం మానేస్తే షెడ్డులో ముగ్గురి పని పోయిందట, మొదటిది నాన్నది. ఆ రోజు నుంచీ వీధిలో మనల్ని మరకోళ్ళు అన్నారట. ఆ వారమే అమ్మ నన్ను బడిలో వెయ్యడానికి తీసుకెళ్ళింది. గుమాస్తా తల ఎత్తకుండా "ఎవరి పిల్ల?" అన్నాడట. వెనక వరసలో ఎవరో "మరకోళ్ళ పిల్ల" అన్నారట. రాసేసుకున్నాడు. బాబాయ్, రాజుగారు లేరు. బడి గుమాస్తా ఉన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నని అడిగాను. ఈసారి లేచి వెళ్ళలేదు. "బడిలో నీకు పడింది గుమాస్తా వల్ల. ఈ గేటు ఉద్యోగం ఇచ్చేటప్పుడు నన్ను ఇంటిపేరు అడిగితే మరక అని నేనే చెప్పాను" అన్నాడు. ఎందుకు అన్నాను. "ఆ తాను నేను కొట్టినట్టు నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చేతులు ఏం చేస్తున్నాయో మనిషికే తెలియకపోతే ఇంక ఆ చేతులతో గుడ్డ ముట్టుకోకూడదు" అన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో పరాయి మనిషివైనట్టు చూశాడు.

ఇరవై ఆరేళ్ళు అలా చూస్తున్నాడు బాబాయ్. తువ్వాలు మడత పెట్టకపోవడం బద్ధకం కాదు.

మడతల అవ్వ ఇంకో మాట చెప్పింది. ఆ రోజు నువ్వు నాన్న పక్కనే నిలబడి ఉన్నావట. మేం ఊరు వదిలి వచ్చాక నెల రోజులు నువ్వు ఒక్క జోకు కూడా వెయ్యలేదట. "కోతికి ఏదో తెలుసు" అంది.

నీకు తెలిసింది రాయి. కథలైతే వద్దు. కథే రాసేట్టయితే అసలు ఉత్తరమే రాయకు.

అన్న కూతురు


ఇంటి నుంచి
శనివారం

అమ్మా,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

ఆ తాను నాది.

అప్పట్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఆ రోజు పొద్దున మేస్త్రి కోటు కొక్కేనికి వేలాడుతుంటే రెండు చేతులూ చివర్లు కుట్టేశాను. మధ్యాహ్నం అతను కోటు వేసుకునేటప్పుడు చేతులు దూరక గింజుకుంటుంటే చూడాలి, అదీ నా సరదా. చట్రం మీద నా తాను ఇంకా ఆరలేదు. ఆరేదాకా నిలబడితే ఆ తమాషా తప్పిపోతుందని, చెమ్మ ఉండగానే గబగబా కొక్కేల నుంచి లాగేశాను. ఒక కొక్కెం మొన విరిగి గుడ్డలో ఉండిపోయింది. చూసుకోలేదు. అలాగే దిమ్మ మీద వేసి కొట్టాను. మీ నాన్న ఆ పూట నాకు ఎదురుగా లేడు, నీకు జ్వరంగా ఉందని మీ అమ్మ కబురు పెడితే నిన్ను చూడ్డానికి ఇంటికి వచ్చాడు. రెండు గూటాలూ నేనే మార్చి మార్చి కొట్టాను. అందుకే ఆయనకి ఆ తాను గుర్తులేదు. ఎలా గుర్తుంటుంది, ఆయన ముట్టుకోనే లేదు.

ఇక దారం. ఆ వారమంతా మేస్త్రి నా తానులు చూపించి "మీ అన్న పని చూసి నేర్చుకో" అంటున్నాడు. నాకు వెధవ ఆలోచన వచ్చింది. నా తానుకి ఎర్ర దారం కుడితే ఏమవుతుంది? నా పనే నాకు చూపించి, "చూడు, మీ అన్న పని" అంటాడు కదా, అప్పుడు కడుపు పట్టుకుని నవ్వచ్చు. అన్నయ్య డబ్బాలోంచి దారం తీసి, ఆయన ముడి లాగే చీమ కుట్టినట్టు కుట్టాను. సాయంత్రం మేస్త్రి నిజంగానే ఆ తాను తెచ్చి నాకు చూపించి మెచ్చుకున్నాడు. నేను గంజి గది వెనక్కి వెళ్ళి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. వారం చివర చెప్దాం అనుకున్నాను. ఈలోపు మర్చిపోయాను. తాను వెళ్ళిపోయింది.

పదకొండు రోజులకి వెనక్కి వచ్చింది. మడతల మధ్యలో ఆ కొక్కెం మొన, చుట్టూ తుప్పు. పన్నెండు మడతలు, మడతకో మరక. పైన చిక్కుడు గింజంత, కిందికి వచ్చేసరికి ఆవగింజంత. యజమాని ఒక్కొక్క మడతా విప్పి చూపించాడు. తర్వాత మూల ఎత్తి పట్టుకున్నాడు. మీ నాన్న దగ్గరికి వచ్చి చూసి, "నా దారమే" అన్నాడు.

నేను నోరు తెరిచాను. "అయ్యా" అన్నాను. యజమాని నా మీదకి వచ్చి, "నువ్వు అన్నని వెనకేసుకు రాకు, నోరు ముయ్" అని కేకేశాడు. దాంతో ఆగిపోయాను. తిట్టి వదిలేస్తారులే, సాయంత్రం ఇంట్లో చెప్దాం అనుకున్నాను. సాయంత్రానికి పనిలోంచి తీసేశారు. పొద్దున చెప్దాం అనుకున్నాను. పొద్దున వీధిలో ఎవరో మరకోళ్ళు అన్నారు. వారానికి మీరు ఊరు వదిలి వెళ్ళిపోయారు. బండి ఎక్కేటప్పుడు కూడా నేనేదో జోకు వేశానట. ఏం వేశానో గుర్తులేదు.

ఆ తాను ముక్కలు చేసి దిమ్మ తుడవడానికి వాడారు. తుడిచింది నేనే.

మీ నాన్నకి ఇది చదివి వినిపించు. ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదు. అది ఒకటికి రెండుసార్లు చదువు.

బాబాయి


నర్సుల గది
శుక్రవారం

బాబాయ్,

ఏమని మొదలుపెట్టాలో తెలియక బాబాయ్ అని రాశాను.

నాన్నకి చదివాను. మొత్తం విని, మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి "జ్వరంగా ఉందని" అన్నచోట ఆపి, "అవును, వెళ్ళాను, నీ నుదుటి మీద తడిగుడ్డ వేశాను" అన్నాడు. "ఆ రోజే అది" అన్నాడు. అంతసేపూ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

రెండు రోజులు గేటు దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, తిన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం దుప్పట్ల గది నుంచి కబురు వచ్చింది, మీ నాన్న లోపలికి వచ్చాడు, ఏం చెయ్యమంటారు అని. పరుగెత్తాను. బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, రెండు అరచేతులతో మధ్య నుంచి అంచులకి నిమురుతున్నాడు. మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ పెట్టాడు. అంచుకి అంచు కలిసింది. నన్ను చూసి, "బాగానే ఉన్నాయి" అన్నాడు. చేతుల గురించి అన్నాడు. కాసేపటికి, "ఇన్నేళ్ళూ బాగానే ఉన్నాయి" అన్నాడు. ఆ రెండో మాట అన్న గొంతు నేను నీకు రాయలేను.

నిన్ను రావద్దన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. "వాణ్ణి ఇప్పుడే రావద్దను. వాడు గుమ్మంలోనే నన్ను నవ్విస్తాడు. నాకు నవ్వాలని లేదు" అన్నాడు.

ఇంకొకటి అడగమన్నాడు. ఈ మాటలు ఆయనవే, మార్చకుండా రాస్తున్నాను. "నా దారమే అన్న దగ్గర్నుంచీ నేను మీ బాబాయి మొహమే చూస్తున్నాను. ఇంకెక్కడా చూడలేదు. నోరు తెరిచానని రాశాడు. యజమాని వాణ్ణి కేకేశాడని రాశాడు. నాకు అలా గుర్తులేదు. మళ్ళీ నాకు లేనిపోని మతిమరుపు అంటగడుతున్నాడా? తెరిచాడో లేదో అది ఒక్కటీ సరిగ్గా చెప్పమను. నీకు కాదు, నాకు రాయమను. తర్వాత సంతకం సంగతి చూస్తాను."

బాబాయ్, నేను ఏ పేరు పెట్టుకుంటానో ఇప్పుడు నాకు ముఖ్యం కాదు. నాన్నకి రాయి.

కందిరీగ


గూటాల షెడ్డు, మన దిమ్మ దగ్గర
సోమవారం

అన్నయ్యకి,

నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పిల్లకి రాస్తే నీకు చేరుతుందిలే అని ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను.

ముందు పని సంగతి. దీంతో పాటు ఒక కాగితం పెట్టాను. పేరు ఎలా వచ్చిందో నాలుగు వాక్యాలు, కింద నా సంతకం. తాను నాదని, దారం నేను మార్చానని, నీకు సంబంధం లేదని రాశాను. ఇక్కడి పంచాయతీ గుమాస్తా ముందు నిలబడి రాశాను, ముద్ర కూడా వేయించాను. నువ్వు ఏమీ చెరపక్కర్లేదు. పిల్ల ఏ పేరు ఉంచుకున్నా ఆ కాగితం పనికొస్తుంది.

మేస్త్రికి చెప్పాను. అప్పటి మేస్త్రి కాదు, ఆయన పోయాడు. షెడ్డులో టీ వేళ అందరి ముందూ చెప్పాను. మొదట జోకు అనుకుని నవ్వారు. నేను ఆగకుండా చెప్తుంటే నవ్వు ఆపారు. కత్తెర వాళ్ళ పెద్దాయన ఒక్కడు మాత్రం మధ్యలో కత్తిరించకుండా చివరిదాకా విన్నాడు. విని, తన గ్లాసు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు పని పోయిన ముగ్గురిలో రెండోవాడు ఆయన తమ్ముడు. నాకు గుర్తుంది, నేనే గుర్తులేనట్టు తిరిగాను.

రావద్దన్నావు. రాను.

ఇప్పుడు నువ్వు అడిగింది. అది ఒక్కటే చెప్తే మిగతావి నమ్మవు, అందుకని నేను కల్పించినవి అన్నీ చెప్తాను.

రాజు లేడు. అంగీ లేదు, గుర్రం లేదు. ముత్తాతమ్మ పుట్టుమచ్చ నేనే పెట్టాను. గంజి, కొక్కేలు, కత్తెర, మడతల వాళ్ళ పేర్లు నిజం, అది నీకూ తెలుసు. సాగదీయడం, మెరుగుపడటం మన షెడ్డు నుంచి పోయిన మాటలన్నది మాత్రం నాకు తెలియదు, బాగుందని రాశాను. ఎలుక ఎత్తుకుపోలేదు, పిల్ల ఉత్తరం పదమూడు రోజులు నా జేబులోనే ఉంది. మేస్త్రి పిలవలేదు. బొత్తాం తొట్టిలో పడలేదు. పేరు సంగతి అడుగుతూ పిల్ల రాసిన ఉత్తరం చదివాక, దేని గురించి రాయాలో తెలియక, ఆ బొత్తాం నేనే కత్తెరతో తెంపాను. ఇంట్లో డబ్బాలో ఉంది.

బండి ఎక్కేటప్పుడు వేసిన జోకు గుర్తులేదని రాశాను. గుర్తుంది. నీకు చెప్పను, అది రాసే ధైర్యం లేదు.

నేను నోరు తెరిచానన్నది అబద్ధం. "అయ్యా" అనలేదు. యజమాని నన్ను ఏమీ అనలేదు, నా వైపు చూడను కూడా లేదు. అంత రాసినవాణ్ణి అది ఒక్కటీ రాయలేక, ఎవరో నా నోరు మూయించారని కల్పించాను. నీకు గుర్తున్నదే సరైనది. నీ మతి బాగానే ఉంది, నీ చేతుల్లాగే.

నువ్వు నా మొహం వంక చూశావు. "అన్నయ్యా, ఇది నీ పని కాదు" అని ఎవరైనా ఒక్కరు అంటారేమో అని చూశావు. అది నాకు అప్పుడే అర్థమైంది. నా నోరు మూసే ఉంది. ఎవరూ మూయలేదు.

తమ్ముడు